వ్యాక్స్ చేయిస్తే గడ్డం మొలుస్తుందట!

వారం రోజులుగా ఒక వాట్సాప్ మెసేజ్ మా తిరుపతి ఆడవాళ్ల ఫోన్లన్నీ చుట్టేస్తోంది. అందులో ఉన్నది నాలుగు ముక్కలు. వ్యాక్స్ చేయిస్తే వెంట్రుకలు ముతకగా, రెట్టింపుగా వస్తాయి. చర్మం సాగి ముడతలు పడతాయి. ఆ వేడి గర్భసంచికి తగులుతుంది. శనగపిండి, పసుపు నలుగు పెడితే మాత్రం జన్మలో మళ్లీ మొలవవు.

మొన్న ఒకావిడ పెళ్లికూతుర్ని వెంటబెట్టుకొచ్చి ఆ మెసేజ్ చూపించింది. "పిల్లకి చేతులకి వద్దులే అక్కా, పైపెదవికి మాత్రం చెయ్యి" అంది. పన్నెండేళ్లుగా వ్యాక్స్ హీటర్ పక్కనే నిలబడుతున్నదాన్ని, ఇంక ఊరుకోబుద్ధి కాలేదు.

రెట్టింపు సంగతి ముందు. వెంట్రుక ఎంత లావు రావాలనేది చర్మం లోపలి కుదురు చేతిలో ఉంటుంది. పైన మనం రేజర్‌తో గీకింది దానికి తెలీదు. గీస్తే తెగిన కొస మొండిగా ఉండి గరుగ్గా తగులుతుంది, అంతే. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూసింది. గీకినందుకు లావూ పెరగలేదు, వేగమూ పెరగలేదు. అమెరికా దాకా ఎందుకు, కొండమీద కల్యాణకట్ట ఉందిగా! ఏటా తలనీలాలిచ్చే మా మామకు ఈపాటికి జుట్టు మోపులు మోపులుగా ఉండాల్సింది. ఆయన నడినెత్తి అద్దంలా మెరుస్తోంది.

వ్యాక్స్‌లో వెంట్రుక కుదురు నుంచే ఊడొస్తుంది కాబట్టి కొత్తది సన్నటి కొసతో మొలుస్తుంది. మూడు నుంచి ఆరు వారాలు చూసుకోనక్కర్లేదు. కాకపోతే అన్ని వెంట్రుకలూ ఒకేసారి పెరగవు. ఆ రోజు చర్మం కిందే ఉండిపోయినవి పది రోజులకే తలెత్తుతాయి. "అప్పుడే వచ్చేశాయే" అని నామీద కోప్పడేది అందుకే.

ముడతలకు వయసూ ఎండా చాలు, నెలకోసారి లాగే స్ట్రిప్ అక్కర్లేదు. అయితే లాగడం చేతకాకపోతే చర్మం కమిలిపోయే మాట నిజం. ఒక చేత్తో చర్మాన్ని బిగబట్టి, స్ట్రిప్‌ని పైకి ఎగలాగకుండా చర్మానికి ఆనించినట్టే వెనక్కి లాగాలి.

గర్భసంచి మాటకు నవ్వాలో ఏడవాలో తెలీదు. వ్యాక్స్ వేడి చర్మం దాటి గర్భసంచి దాకా పోదు. కానీ గడ్డం కింద ముతక వెంట్రుకలు వస్తూ, నెలసరి కూడా తప్పుతుంటే అది హార్మోన్ల తేడా కావచ్చు. తేడా ముందు, వెంట్రుకలు తర్వాత. అలాంటివాళ్లు నా దగ్గరికి కాదు, స్విమ్స్ ఆసుపత్రిలో హార్మోన్ల డాక్టర్ల దగ్గరికి పోవాలి.

నలుగుతో ఒళ్లు నున్నబడుతుంది, రుద్దితే నూగు కొంచెం ఊడుతుంది. కుదురు చావదు. మా అవ్వ నాకు పదేళ్లు రుద్దింది, ఆ చేతులకే నేనిప్పుడు వ్యాక్స్ చేసుకుంటున్నా.

ఇంతకీ నిజంగా భయపడాల్సింది ఆ మెసేజ్‌లో లేనే లేదు. మొటిమలకని ట్రెటినాయిన్, అడపలీన్ లాంటి క్రీములు పూసుకునేవాళ్లకు పైచర్మం పలచబడి ఉంటుంది. అక్కడ వ్యాక్స్ వేస్తే వెంట్రుకతో పాటు చర్మమూ లేచి రావచ్చు. ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడినవాళ్లయితే ఆపాక ఆరు నెలలు ఆగాల్సిందే. నా కొత్తలో అడగకుండా ఒక పిల్లకి పైపెదవికి వేసి లాగేశా. పెదవిపైన ఎర్రగా, తడిగా, కాలినట్టు మచ్చ. ఆ పిల్ల అద్దంలో చూసుకున్న చూపు నాకింకా గుర్తే. ఇంకోటి, పూసిన పుల్లనే మళ్లీ డబ్బాలో ముంచే పార్లరైతే లేచి వచ్చేయండి.

అందుకే ఆ పెళ్లికూతుర్ని అడిగా, "రాత్రిపూట మొహానికేం రాస్తావమ్మా?" అని. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సగం నొక్కిన అడపలీన్ ట్యూబ్ తీసింది. పెళ్లి ఇంకా నాలుగు రోజులే. వాళ్లమ్మ వద్దన్న చేతులకి వ్యాక్స్ చేశా, చెయ్యమన్న పైపెదవి జోలికి పోలేదు.