లెక్క చూపరు, ఏమీ లేదంటారు

వానాకాలం జ్వరాలు ముదిరాయి. హైదరాబాద్ నల్లకుంట కోరంటి ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం పొద్దున్నే వరుస కడుతున్నారు. జిల్లాల్లో పీహెచ్‌సీల దగ్గర, వీధి చివర ఆర్‌ఎంపీ గది ముందర కూడా ఇదే పరిస్థితి. ఇంట్లో ఒకరికి తగ్గేలోపు ఇంకొకరు మంచాన పడుతున్నారు. వీటిలో ఫ్లూ ఎంత, కొవిడ్ ఎంత, పసిపిల్లల్ని పీడించే ఆర్‌ఎస్‌వీ వైరస్ ఎంత అని అడిగితే మాత్రం ఏటా వినే జవాబే వస్తుంది: సీజనల్ జ్వరాలే, పరిస్థితి అదుపులోనే ఉంది, ఎవరూ ఆందోళన చెందనక్కర్లేదు. అదుపులో ఉందని ఏ లెక్క చూసి తేల్చారు? ఆ లెక్క జనానికి ఎందుకు చూపరు?

లెక్క లేక కాదు. 2025 జనవరి మొదటి వారంలో చైనా నుంచి హెచ్‌ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్ వార్తలు వచ్చి జనం టెన్షన్ పడుతుంటే, తెలంగాణ ప్రజారోగ్య విభాగం వెంటనే ఒక ప్రకటన ఇచ్చింది. రాష్ట్రంలో శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ల సమాచారం పరిశీలించామని, 2023 డిసెంబరుతో పోలిస్తే 2024 డిసెంబరులో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదని అందులో చెప్పింది. బెంగళూరులో ఇద్దరు పసిబిడ్డలకు ఆ వైరస్ ఉన్నట్టు తేలినప్పుడు కేంద్రం కూడా దేశవ్యాప్త నిఘా సమాచారం చూపే ధైర్యం చెప్పింది. అంటే ఏడాదికి ఏడాది పోల్చి చూసుకోగల లెక్క సర్కారు దగ్గర ఉంది. భయపడొద్దని చెప్పాల్సినప్పుడు అది బయటికొస్తుంది. జాగ్రత్తపడండని చెప్పాల్సినప్పుడు ఫైల్లోనే ఉండిపోతుంది.

ఆ సమాచారం ఎక్కడినుంచి వస్తుందో కూడా చూడాలి. ఊళ్లో ఏఎన్‌ఎం తన దగ్గరికొచ్చిన జ్వరం, దగ్గు కేసులను ఎస్ ఫారంలో నమోదు చేస్తుంది. డాక్టరు అనుమానించిన జబ్బు పీ ఫారంలోకి, ల్యాబ్ తేల్చినది ఎల్ ఫారంలోకి వెళ్తాయి. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద ఇన్నేళ్లుగా జరుగుతున్నదిదే. 2021 నుంచి కొత్త ఆన్‌లైన్ పోర్టల్ కూడా వచ్చింది. పల్లె దవాఖానాలో, విలేజ్ క్లినిక్‌లో పనిచేసే ఆడకూతురు టీకాలు, గర్భిణుల పరీక్షలు, బీపీ, షుగర్ రిజిస్టర్ల మధ్య తీరిక చేసుకుని ఈ వివరాలు ఎక్కిస్తోంది. ఆమె పంపిన అంకె ఢిల్లీ దాకా పోతుంది కానీ, తిరిగి ఆమె ఊరికి రాదు. పక్క మండలంలో ఫ్లూ లేచిందో లేదో ఆమెకే తెలియదు.

ఇక ఈ నిఘాకు అందనిదే ఎక్కువ. జ్వరమొస్తే జనం ముందు వెళ్లేది ప్రైవేటు క్లినిక్‌కో, ఆర్‌ఎంపీ దగ్గరికో, మెడికల్ షాపుకో. అక్కడ పరీక్ష ఉండదు, ఫారం ఉండదు. ఒక ఇంజెక్షన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ స్ట్రిప్పు ఒకటి, అంతే. వైరల్ జ్వరాలకు యాంటీబయాటిక్స్ రాయొద్దని 2023 మార్చిలో భారత వైద్య సంఘమే డాక్టర్లను కోరాల్సి వచ్చింది. ప్రభుత్వ మార్గదర్శకాలు స్వైన్‌ఫ్లూ రోగులను ఏ, బీ, సీ అని మూడు రకాలుగా చేసి, ఊపిరాడని స్థితికి చేరిన సీ రకానికే పరీక్ష చేయమంటున్నాయి. 2015లో దేశంలో 42 వేలకు పైగా కేసులు, దాదాపు 3 వేల మరణాలు నమోదయ్యాయి. అంటే నూటికి ఏడుగురు పోయినట్టు! జబ్బు అంత ప్రాణాంతకమైనది కాదు. పరీక్ష చేయని ఏ, బీ రకాల్లో ఎంతమందికి సోకిందో ఎవరూ లెక్కపెట్టలేదు, అంతే. లెక్క సగమే ఉంటే జనం ఒక ఏడాది హడలిపోతారు, మరో ఏడాది పట్టించుకోరు. ఇది ఏళ్లుగా చూస్తున్నదే.

టీకా సంగతి మరీ అన్యాయం. 2021 జనవరి 16న కరోనా టీకా మొదలుపెట్టిన దేశం మనది. ఏ జిల్లాలో ఎన్ని డోసులు పడ్డాయో కోవిన్‌లో ఎప్పటికప్పుడు ప్రపంచానికి చూపించాం. అదే దేశంలో నిరుడు ఎంతమంది వృద్ధులు ఫ్లూ టీకా వేయించుకున్నారంటే చెప్పగలిగే పోర్టల్ లేదు. గర్భిణులు, వృద్ధులు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు ఏటా వేయించుకోవాలని సర్కారే సలహా ఇస్తుంది, కానీ సార్వత్రిక టీకా కార్యక్రమంలో అది లేదు. ప్రైవేటులో వెయ్యికి పైమాటే. 2017-18లో మొదలైన జాతీయ వృద్ధాప్య సర్వేలో 45 ఏళ్లు దాటినవారిలో ఫ్లూ టీకా వేయించుకున్నవారు 1.5 శాతమే. వృద్ధుల్లో 75 శాతానికి 2010 కల్లా టీకా అందాలని ప్రపంచ ఆరోగ్య సభ 2003లోనే తీర్మానించింది. ఇంగ్లండ్‌లో 65 దాటినవారిలో 70 శాతానికి పైగా వేయించుకుంటున్నారు. అక్కడ సీజన్ పొడుగునా వారం వారం కేసులు, ఆసుపత్రి చేరికలు, టీకా శాతం అన్నీ ఒకే నివేదికలో బయటపెడతారు. ఆ నివేదిక చూసి అక్కడి జనం బెదిరిపోలేదు.

అంకెలు బయటపెడితే జనం బెదిరి ఆసుపత్రుల మీద పడతారని, అసలే సిబ్బంది చాలడం లేదని అధికారులు అంటారు. సిబ్బంది కొరత నిజమే. కానీ బెదురు పుట్టేది అంకె తెలిస్తే కాదు, తెలియకపోతే. హెచ్‌ఎంపీవీ నాడు వాట్సాప్‌లో తిరిగిన వీడియోలే అందుకు సాక్ష్యం.

చేతిలో ఉన్న సమాచారాన్ని జిల్లాలవారీగా వారానికోసారి వెబ్‌సైట్‌లో పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. క్షయ కేసును ప్రైవేటు డాక్టరు కూడా తెలపాల్సిందేనని కేంద్రం 2012లోనే ఉత్తర్వు ఇచ్చింది. ప్రైవేటు ల్యాబ్‌లో తేలిన ఫ్లూ కేసుకూ ఆ నియమం పెట్టొచ్చు. కనీసం ప్రభుత్వ ఆసుపత్రుల నర్సులకు, ఆశాలకు, ఏఎన్‌ఎంలకు ఈ సీజన్‌లో ఫ్లూ టీకా ఎంతమందికి వేశారో చెప్పండి. జ్వరం రోగిని మొదట తాకేది వాళ్లే.

2020లో కరోనా వివరాలు సరిగ్గా ఇవ్వండని తెలంగాణ హైకోర్టు పదేపదే మందలిస్తే గానీ ప్రభుత్వంలో కదలిక రాలేదు. ఈసారి కూడా ఎవరో ఒకరు కోర్టు గడప తొక్కేదాకా ఆగుతారా? హెచ్‌ఎంపీవీ భయానికి రోజుల్లో తీయగలిగిన లెక్కను ఈ వానాకాలం జ్వరాలకు ఎందుకు తీయలేరో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య మంత్రులు జవాబు చెప్పాలి. అదుపులో ఉందన్న మాట ఒక్కటే జవాబైతే, అది ఇక ఎవరూ నమ్మరు.