కష్టాల కథలు చదివితే వివేకం వస్తుందా?

బాబాయ్: గండాలు గట్టెక్కినవాళ్ల పుస్తకాలు గుట్టలుగా చదివావు. ఒడ్డుకు చేరినవాడే కదమ్మా రాసేది! మునిగినవాడి మాట ఎవరు విన్నారు?

సుజాత: బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ డైరీ ఉంది కదా బాబాయ్. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ 1912 మార్చిలో చనిపోయాడు, దాదాపు చివరిదాకా రాశాడు. అందులో ధైర్యాన్ని పక్కనపెట్టి డబ్బాల సంగతి చదువు. దారిలో దాచిన కిరోసిన్ డబ్బాలు తెరిస్తే, ఉండాల్సినంత నూనె లేదు. మూతల తోలు వాషర్లు చలికి పట్టు వదిలేశాయి. నూనె తగ్గితే మంచు కరిగించలేరు, అంటే తాగడానికి నీళ్లూ ఉండవు. అతనికంటే ముందు ధ్రువం చేరిన నార్వే వాడు అముండ్‌సెన్ తన డబ్బాలకు సోల్డరింగ్ చేయించాడు. నిల్వలకు రెండు వైపులా, దారికి అడ్డంగా జెండాలు పాతించాడు. పొగమంచులో దారి తప్పినా ఏదో ఒక జెండా కంటపడుతుంది, నిల్వ ఎటువైపుందో దాని గుర్తే చెబుతుంది.

బాబాయ్: ఆ అముండ్‌సెనే 1911 సెప్టెంబరు 8న తొందరపడి బయల్దేరి, చలికి తాళలేక వెనుదిరిగాడు. తిరుగుదారిలో తనవాళ్లను వెనక వదిలేసి ముందు పరుగెత్తాడు. అదేమిటని నిలదీసిన తన బృందంలోని యోహాన్సెన్‌ను ధ్రువానికి వెళ్లే బృందం నుంచి తప్పించాడు. ఇదేనా నీ నాయకత్వం?

సుజాత: అది మచ్చే, కాదనను. వెనుదిరగడం మాత్రం సరైన పనే.

బాబాయ్: స్కాట్ సామాను లాగే గుర్రాల మీద జాలిపడ్డాడు. అదీ తప్పేనంటావా?

సుజాత: జాలి తప్పని ఎవరన్నారు? గుర్రాలను ఇంకా ముందుకు నడిపించి, అవసరమైతే చంపి, నిల్వను దక్షిణ అక్షాంశం 80 డిగ్రీల దగ్గరే పెడదామన్నాడు అతని బృందంలో గుర్రాలు చూసుకునే ఓట్స్. స్కాట్ వినలేదు. నిల్వ 79 డిగ్రీల 29 నిమిషాల దగ్గరే, అంటే దాదాపు 57 కిలోమీటర్లు ఇవతలే ఆగింది. ఆఖరి గుడారం దానికి 20 కిలోమీటర్ల దూరంలో...

బాబాయ్: ఫలితం తెలిశాక లెక్కలు కట్టడం ఎవరికైనా వచ్చు.

సుజాత: అందుకే నిర్ణయం దగ్గర పుస్తకం మూసెయ్యాలి. అప్పటికి వాళ్లకు ఏం తెలుసు, ఏం తెలియదు, నేనైతే ఏం చేసేదాన్ని? మూడూ రాసి పెట్టుకుని, అప్పుడు పేజీ తిప్పాలి. మన జవాబు తప్పని తేలిన చోటే కొత్తగా ఏదైనా తెలుస్తుంది.

బాబాయ్: సరే, నీకు తెలిస్తే చాలా? పదిమందినీ మార్చాలిగా! వియన్నా ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు 1847 మేలో డాక్టర్ల చేతులు క్లోరిన్ నీళ్లతో కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న బాలింతల మరణాలు జూన్‌కు రెండుకు దిగాయి. ఇంత లెక్క కళ్లముందున్నా పెద్దలు కదల్లేదు, పైగా అతని ఉద్యోగమే పోయింది. ఏ పుస్తకం నేర్పుతుందమ్మా దీనికి మందు?

సుజాత: అతని కథే నేర్పుతుంది. పూర్తి పుస్తకం రాసింది 1861లో, అంటే పద్నాలుగేళ్లకు. అన్నాళ్లూ అతని మాట ఎక్కువగా స్నేహితుల నోటే లోకానికి తెలిసింది. తర్వాత ఒప్పుకోని డాక్టర్లను బహిరంగ లేఖల్లో హంతకులన్నాడు. ‘ఇన్నాళ్లూ చంపింది నీ చేతులే’ అంటే ఏ డాక్టరు ఒప్పుకుంటాడు? ‘నెల రోజులు కడిగి చూడండి, మీ వార్డు లెక్క మీరే రాయండి’ అంటే కొందరైనా కడిగేవారు.

బాబాయ్: కడిగేవారో లేదో! ఆ నెలలోపు చనిపోయేవాళ్ల మాటేమిటి? అతని కోపం అందుకే కదా.

సుజాత: కోపం న్యాయమే బాబాయ్. దానివల్ల ఒక్క డాక్టరైనా చెయ్యి కడిగాడా అన్నదే నా ప్రశ్న.