గీతా? గడపా?

(ముగ్గురే పనిచేసే ఆర్కిటెక్ట్ ఆఫీసు. రేపు ఒక క్లయింటుకి ఇంటి ప్లాన్ చూపించాలి. పడమటి గోడంతా అద్దమే కావాలని ఆయన పట్టు. భాగస్వాములిద్దరికీ వాదన అక్కడే మొదలైంది. డిజైనే ముందు అనే చిన్నామెను గీత అనీ, ఉండబోయేవాళ్లే ముందు అనే పెద్దామెను గడప అనీ పిలుద్దాం.)

గీత: అక్కా, అడిగిందల్లా గీసి ఇవ్వడానికి మనమెందుకు? డ్రాఫ్ట్స్‌మన్ చాలడూ?

గడప: అడిగిందల్లా గియ్యమని నేనెప్పుడన్నాను? ఎందుకడుగుతున్నాడో తెలుసుకోమన్నాను. నాలుగు బెడ్‌రూములు కావాలంటాడు. కాసేపు కూర్చుంటే నాలుగోది ఏడాదికి పది రోజులొచ్చే చుట్టాల కోసమని బయటపడుతుంది. మిగతా 355 రోజులూ ఆ గది ఏం చెయ్యాలి? మన పని ఆ ప్రశ్న దగ్గర మొదలవుతుంది.

గీత: మనిషి తను చూసినదే అడుగుతాడు, చూడనిది అడగలేడు. ఫ్రాన్స్‌లో లె కార్బూజియే అనే ఆర్కిటెక్ట్ కట్టిన విల్లా సవాయ్ చూడు. సన్నని స్తంభాల మీద లేచిన ఇల్లు, గోడ పొడవునా కిటికీ, పైన తోట. 1931లో పూర్తయింది, ఇవాళ్టికీ విద్యార్థులకు చూపిస్తారు. అడిగితే వచ్చిందా అది?

గడప: చూపించే ఫొటోలో వాన పడదు కదా. ఆ కప్పు కారింది. ఇంటావిడ ఏళ్ల తరబడి ఫిర్యాదు ఉత్తరాలు రాసింది.

గీత: కారడం కట్టుబడిలో లోపం, ఆలోచనలో కాదు.

గడప: కప్పు కింద బకెట్ పెట్టుకున్నవాళ్లకి ఆ తేడా చెప్పి చూడు.

గీత: సరే, క్లయింటు మాట వినడం వల్ల గొప్పదైన ఇల్లు ఒక్కటి చెప్పు.

గడప: నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్‌లో ఉన్న ష్రోడర్ ఇల్లు. 1924. భర్త పోయినావిడ, ముగ్గురు పిల్లలు. అందరూ కలిసే ఉండాలి, ఎవరి చోటు వాళ్లకుండాలి. ఆ ఇంటి ఆర్కిటెక్ట్ రీట్‌ఫెల్డ్ అప్పటిదాకా ఎక్కువగా కుర్చీలూ బల్లలూ చేసినవాడు. ఇద్దరూ కలిసి ఆలోచించి పై అంతస్తులో జరిపే పలకలు పెట్టారు. పగలు తెరిస్తే ఒకే హాలు, రాత్రి మూస్తే గదులు. అనుమతి కోసం నక్షాలో దాన్ని అటకగా చూపించారు, అది వేరే తమాషా. ఆవిడ 1985లో పోయేదాకా అక్కడే ఉంది. అరవై ఏళ్లు!

గీత: అలాంటి క్లయింటు దొరికితే నేనూ నోరు మూసుకుని వింటాను. మనకొచ్చేవాళ్లు ఫోన్‌లో నలభై ఫొటోలు సేవ్ చేసుకుని వస్తారు. ఎలివేషన్, అంటే ఇంటి ముందు రూపం, ఒకచోటిది, మెట్లు ఇంకోచోటివి.

గడప: మన భాష వాళ్లకి రాదు, అందుకే ఫొటోలు తెస్తారు. నలభైలోనూ వెలుతురు ఒకే వైపు నుంచి పడుతుంటే, వాళ్లకి కావలసింది ఆ వెలుతురు. మెట్లు కాదు.

గీత: ఒక్కొక్కరితో ఇంతసేపు కూర్చుంటే ఏడాదికి ఎన్ని ఇళ్లు అవుతాయి?

గడప: తక్కువే. ఆస్ట్రేలియాలో గ్లెన్ మర్కట్ దశాబ్దాలపాటు ఒక్కడే పనిచేశాడు. 2002లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది.

గీత: ఆయన కోసం క్లయింట్లు ఆగారు. మన కోసం ఎవరాగుతారు? నెలాఖరు అసలే ఆగదు.

(గడప వెంటనే జవాబివ్వలేదు. ఈ దెబ్బ తగిలిందని మనమూ ఒప్పుకోవాలి.)

గడప: నిజమే. అందుకే మాట్లాడే దశకి విడిగా ఫీజు తీసుకుందామంటున్నాను. కట్టేవాళ్లకిచ్చే వర్కింగ్ డ్రాయింగులయ్యాక క్లయింటు మనసు మారితే బీములు, పైపులు, కరెంటు పాయింట్లు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. మన డబ్బు పోతున్నది అక్కడే.

గీత: ఇంకోటి. ఇరవై ఏళ్లకి ఆయన ఇల్లు అమ్మేస్తాడు. ఆయన కొలతకి కుట్టిన చొక్కా తర్వాతివాడికి పడుతుందా?

గడప: కదల్చలేని గోడలు తగ్గించు. వంటిల్లు, బాత్‌రూములు ఒక పక్కకి చేర్చు. మిగతాది వచ్చేవాడు తనకు తగ్గట్టు మార్చుకుంటాడు.

గీత: సరే, మరి పడమటి అద్దం? సాయంత్రం ఎండ సూటిగా లోపలికొస్తుంది, ఇల్లు పొయ్యిలా కాలుతుంది. ఇక్కడైనా కాదంటావా?

గడప: ఎందుకని అడిగాను. రోజూ సూర్యాస్తమయం చూడాలట. దానికి గోడంతా ఎందుకు? కూర్చున్న మనిషి కంటి ఎత్తుకి, నేల నుంచి నాలుగడుగుల దగ్గర, వెడల్పైన ఒక్క కిటికీ చాలదూ?

గీత: అక్కా, అది నేను మొన్న గీసి చెత్తబుట్టలో పడేసిన కిటికీ!

గడప: తీసి దాచాను. కానీ నాలుగింటి ఎండకి మూసి, పొద్దుగూకేటప్పుడు తెరవడానికి బయట జాలీ తలుపు ఉండాలి. అది నువ్వు గియ్యలేదు. పెన్సిల్ పట్టు.