సముద్రం దాటని సంతకం

దక్షిణ భారత తీరం నుంచి కెనడాకు బయల్దేరిన ఓ చేపల పడవ 2021 అక్టోబరులో హిందూ మహాసముద్రంలో చిక్కుకుపోయింది. అందులోని 89 మంది శ్రీలంక తమిళులను బ్రిటిష్ నౌకలు డియెగో గార్సియా దీవికి చేర్చాయి. వాళ్లు అక్కడ శరణు కోరారు. దీవి బ్రిటన్ అధీనంలోనిది. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై బ్రిటన్ సంతకమూ ఉంది. కానీ ఆ ఒప్పందాన్ని ఈ దీవికి వర్తింపజేయలేదన్నది లండన్ జవాబు.

చెన్నై తెలుగువాళ్లకు ఇదేమీ దూరపు ముచ్చట కాదు. సూళ్లూరుపేట లోకల్ ఆగే గుమ్మిడిపూండిలో తెలుగిళ్లకు కొదవలేదు, శ్రీలంక తమిళుల శిబిరమూ అక్కడే ఉంది. (ఆ ఒప్పందంలో మన దేశం అసలు చేరనే లేదు కాబట్టి బ్రిటన్‌కు నీతులు చెప్పే హక్కు మనకు అంతగా లేదనుకోండి.)

ఒప్పందం దేశం మొత్తానికీ వర్తించాలన్నది మామూలు సూత్రం. ఒప్పందాలకు నియమాలు పెట్టే 1969 వియన్నా ఒప్పందం 29వ అధికరణ చెప్పేది అదే, వేరే ఉద్దేశం కనబడితే తప్ప. ఢిల్లీ సంతకం పెడితే అండమాన్‌కూ పెట్టినట్టే. తిరకాసంతా ఆ ‘తప్ప’లోనే ఉంది. శరణార్థుల ఒప్పందం 40వ అధికరణ ప్రకారం, సముద్రానికి అవతల తన అధీనంలో ఉన్న ప్రాంతాల్లో దేన్ని కలుపుకోవాలో ఆ దేశమే ప్రకటించాలి. తర్వాతైనా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి ఓ లేఖ రాస్తే చాలు, 90వ రోజు నుంచి అమల్లోకి వస్తుంది. డియెగో గార్సియా విషయంలో ఆ లేఖ వెళ్లలేదు.

ఈ వెసులుబాటు అన్నిచోట్లా చెడ్డదేం కాదు. పారిస్ వాతావరణ ఒప్పందంలో డెన్మార్క్ మొదట గ్రీన్‌లాండ్‌ను పక్కనపెట్టింది, అక్కడి వాళ్లు సరేనన్నాక 2023లో చేర్చింది. న్యూజిలాండ్ కూడా తన అధీనంలోని టోకెలావ్ దీవులను 2017లో ఇలాగే కలిపింది. దీవివాసుల మాట వినడం న్యాయమే. మరి డియెగో గార్సియాలో ఎవరిని అడగాలి? అమెరికా సైనిక స్థావరం కోసం డియెగో గార్సియా ఉన్న చాగోస్ దీవుల జనాన్ని 1968-73 మధ్య బ్రిటనే ఖాళీ చేయించింది. స్థానికుల సమ్మతి అనే సాకు కూడా అక్కడ చెల్లదు. మిగిలింది పాలకుడి సౌకర్యం ఒక్కటే.

ఫలితం చూడండి: చుట్టూ కంచె, గుడారాల్లో మూడేళ్లు. వాళ్లను తిప్పి పంపే ముందు ప్రాణహాని ఉందో లేదో చూస్తామని బ్రిటన్ అంది. అయితే ఒప్పందం ప్రకారం హక్కు కావాల్సింది అధికారి దయగా మారింది. చివరికి 2024 డిసెంబరులో ఆ దీవులతో కూడిన ‘బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం’ సుప్రీంకోర్టే వాళ్ల నిర్బంధం చట్టవిరుద్ధమని తేల్చింది. అదే నెలలో చాలామందిని బ్రిటన్‌కు తరలించారు.

నా దృష్టిలో పద్ధతిని తిరగేయాలి. దేశం చేరిందంటే దీవులూ చేరినట్టే లెక్క. ఏదైనా దీవిని మినహాయించాలంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, గడువు పెట్టాలి. స్థిరనివాసులు లేని చోట మినహాయింపే ఉండకూడదు. బ్రిటన్ మాత్రం వేరే దారి వెతుక్కుంది. కొత్తగా డియెగో గార్సియాకు ఎవరైనా వస్తే సెయింట్ హెలీనాకు పంపేలా 2024 అక్టోబరులో ఏర్పాటు చేసుకుంది. అది అట్లాంటిక్‌లో ఉన్న ఇంకో బ్రిటిష్ దీవి.