చేపను అడగాలా, లెక్కను అడగాలా?

(రసాయన ప్రయోగశాలలో పని చేసి విరమణ పొందిన మామయ్య. జలచరాలపై విషప్రభావాలను చదువుతున్న మేనకోడలు. పలు రసాయనాలు కలిసిన నీరు ఎంత విషమో తేల్చే పద్ధతి మీద పేచీ. రసాయనాలను కొలిచి లెక్క వేస్తే చాలని ఆయన, ఆ నీటిలో చేపలను వదిలి చూడాలని ఆమె. కాఫీలు ఎప్పుడో చల్లారాయి.)

మామయ్య: లెక్క ఉండగా చేపలెందుకమ్మా? ఒక్కో రసాయనం ఎంత మోతాదులో ఉంటే 48 గంటల్లో సగం డాఫ్నియాలు (నీటిలో బతికే చిన్న జీవులు) కదలకుండా పడిపోతాయో పట్టికల్లో ఉంది. నీటిలో ఉన్నదాన్ని ఆ మోతాదుతో భాగించు. వచ్చిన భిన్నాలన్నీ కూడు. మొత్తం ఒకటైందంటే సగం పోయినట్టే.

మేనకోడలు: కూడికను నేనూ కాదనను మామయ్యా. "మా రసాయనం ఆ మోతాదులో పదో వంతే" అని పది ఫ్యాక్టరీలు పది కాగితాలు చూపించి తప్పుకోకుండా పట్టించేది అదే. కానీ కొలవనిదాన్ని ఎలా కూడతారు? పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి దాదాపు 90 బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల వ్యర్థాలు చేరేవి. అక్కడి నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. వెతికారు కాబట్టి దొరికింది. వెతకనివో?

మామయ్య: చచ్చిన చేప మాత్రం హంతకుడి పేరు చెబుతుందా? అమెరికాలో సియాటిల్ వైపు వానలు పడగానే, గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి వచ్చిన కోహో సాల్మన్ చేపలు ఏళ్ల తరబడి చచ్చాయి. టైర్ల నుంచి వచ్చే ఒకే ఒక్క పదార్థం దోషి అని 2020లో రసాయన విశ్లేషణతోనే తేలింది. నువ్వు మిశ్రమం, మిశ్రమం అంటావు. తీరా చూస్తే ఒక్కటే!

మేనకోడలు: ఆ ఒక్కటీ మీ పట్టికలో లేదు కదా! టైరు నానబెట్టిన నీటిని పాయలు పాయలుగా విడదీసి, ప్రతి పాయలోనూ చేపపిల్లలను వదిలి చూస్తూ దాని దాకా వెళ్లారు. అదే కోహో పిల్లల మీద 2009లో డయాజినాన్, మలాథియాన్ అనే పురుగుమందులు కలిపి చూస్తే, మీ కూడిక చెప్పినదానికంటే ఎక్కువ చచ్చాయి. మలాథియాన్‌ను విరిచేసే ఎంజైములకు డయాజినాన్ అడ్డుపడుతుంది. ఇల్లు కాపలా కాసేవాడి చేతులు కట్టేశాక దొంగ ఒక్కడైనా చాలు.

మామయ్య: అలాంటి జోడీలు అరుదు. చాలా మిశ్రమాల్లో కూడిక నిజానికి దగ్గరగానే వస్తుంది. పైగా నీ చేప పరీక్ష మన నిబంధనల్లో ఎప్పుడో ఉంది. ఏమీ కలపని వ్యర్థజలంలో 96 గంటల తర్వాత నూటికి 90 చేపలు బతకాలి. నాలుగు రోజులు బతికితే పాస్. ఐదో రోజు సంగతి?

(ఆమె వెంటనే బదులివ్వలేదు. ఆ నాలుగు రోజుల గడువు ఆమెకూ నచ్చదు.)

మేనకోడలు: గడువు పెంచాలి. ఆ పటాన్‌చెరు కేంద్రం నీటినే 500 పాళ్లలో ఒక పాలు ఉండేలా పలుచన చేసి తోకకప్పలను పెంచితే, పెరుగుదల 40 శాతం పడిపోయింది. అందులో ఏ మందు వాటా ఎంతో మీ పట్టిక చెబుతుందా?

మామయ్య: చెప్పదు. నీ తోకకప్ప చెప్పిందా?

మేనకోడలు: లేదు.

మామయ్య: అయితే ఈసారి నీళ్లు రెండు సీసాల్లో పట్టుకురా. ఒకటి నాకు.

మేనకోడలు: ముందు నా తొట్టి నిండనివ్వండి. మిగిలితే మీకు.