సైన్యానికి వెళ్లే పిల్లలతో ముందే మాట్లాడవలసిన సంగతి

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడి సైన్యంలో చేరడం ఇప్పుడు వింతేమీ కాదు. చేరేముందు జీతం, చదువు ఖర్చులు, ఏ స్థావరానికి పంపుతారన్న విషయాలను ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. లైంగిక దాడి జరిగితే ఎవరికి చెప్పాలన్న ప్రస్తావన మాత్రం ఎవరూ తీసుకురారు. అపశకునమని భయం కాబోలు. కానీ అక్కడి వ్యవస్థలో బాధితులు మొదటిసారి ఎవరి దగ్గర నోరు విప్పారన్న దాన్నిబట్టే తరువాతి కథ చాలావరకు నడుస్తుంది కనుక, ఆ సంగతి తెలియకుండా పిల్లలను పంపడం తప్పని నా అభిప్రాయం.

2005 నుంచి అక్కడ రెండు దారులున్నాయి. అన్‌రిస్ట్రిక్టెడ్ రిపోర్ట్ ఇస్తే విషయం కమాండర్‌కు తెలుస్తుంది, సైనిక నేర పరిశోధకులు దర్యాప్తు చేపడతారు, వేరే యూనిట్‌కు త్వరగా బదిలీ కోరే హక్కు వస్తుంది. రిస్ట్రిక్టెడ్ రిపోర్ట్‌ను లైంగిక దాడి బాధితులకు సాయం కుదిర్చే, సార్క్ అని పిలిచే సమన్వయకర్తకో, బాధితులకు తోడుగా నిలిచే విక్టిమ్ అడ్వొకేట్‌కో, వైద్య సిబ్బందికో ఇవ్వవచ్చు. అప్పుడు వైద్యం, కౌన్సెలింగ్, ఉచిత న్యాయవాది సలహా అందుతాయి గాని, పేరు కమాండర్‌కు చేరదు, దర్యాప్తూ మొదలుకాదు. వైద్య పరీక్షలో సేకరించిన ఆధారాలను పేరు లేకుండా ఒక సంఖ్యతో పదేళ్లు భద్రపరుస్తారు. తరువాత మనసు మార్చుకుంటే దీన్ని అన్‌రిస్ట్రిక్టెడ్‌గా మార్చుకోవచ్చు. అటునుంచి ఇటు రావడం మాత్రం కుదరదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆదుకుంటాడన్న నమ్మకంతో తన సార్జెంట్‌కు చెప్పుకుంటే, అతడు ఎంత మంచివాడైనా ఆ మాటను కడుపులో దాచుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. 2021లో కొంత సడలింపు వచ్చి, పైవారికి తెలిశాక కూడా రిస్ట్రిక్టెడ్ రిపోర్ట్ ఇచ్చే వీలు కలిగింది గాని, పరిశోధకులకు ఒకసారి చేరిన సమాచారం వెనక్కి రాదు. సైన్యంలోని మతగురువు అయిన చాప్లిన్‌తో చెప్పుకున్నది గోప్యంగానే ఉంటుంది, అయితే అది రిపోర్ట్ కిందకు రాదు. ఎటూ తోచని స్థితిలో ఉన్నవారు పేరు చెప్పకుండా, ఇలాంటి బాధితుల కోసమే ఉన్న సేఫ్ హెల్ప్‌లైన్‌కు (877-995-5247) ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

నేరస్థుడు స్వేచ్ఛగా తిరుగుతుంటే గుట్టుగా రిపోర్ట్ ఇవ్వడమేమిటని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ఫిర్యాదు చేసినవారికి బతుకు దుర్భరమవుతుందని సంస్థ తనంతట తానే ఒప్పుకున్నట్టుగా ఉంటుంది ఈ ఏర్పాటు. అయినా నేను దీన్ని సమర్థిస్తాను. దాడి చేసినవాడు అదే బారక్‌లో ఉండవచ్చు, సెలవు మంజూరు చేసేవాడే కావచ్చు. అలాంటి చోట చికిత్స పొందాలంటే ముందు ఫిర్యాదు చేసి తీరాలనడం అన్యాయం. అనుమానితుడి వివరాలను గోప్యంగా నమోదు చేసే క్యాచ్ అనే పథకం కూడా 2019లో మొదలైంది. అదే వ్యక్తి మీద మరొకరు సమాచారం ఇస్తే ఇద్దరికీ ఆ సంగతి తెలియజేస్తారు, దర్యాప్తుకు ముందుకు రావాలా వద్దా అన్నది వారే తేల్చుకుంటారు.

అపనమ్మకం ఊరికే పుట్టలేదు. ఇటలీలోని ఏవియానో స్థావరంలో లైంగిక దాడి నేరం రుజువై శిక్ష పడిన ఒక అధికారి తీర్పును 2013లో ఒక జనరల్ ఒక్క సంతకంతో కొట్టివేశాడు. అప్పటి చట్టం అతడికి ఆ అధికారం ఇచ్చింది మరి! ఆ గగ్గోలు తరువాతే ఆ అధికారానికి కత్తెర పడింది. 2020లో టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో ఇరవయ్యేళ్ల వెనెస్సా గియెన్ హత్యకు గురైంది. అంతకుముందు ఆమె లైంగిక వేధింపులు ఎదుర్కొన్న సంగతి పైవారికి తెలిసినా తగిన చర్య తీసుకోలేదని సైన్యమే తరువాత తన దర్యాప్తులో తేల్చింది. ఇలాంటి తీవ్ర నేరాల్లో విచారణ జరపాలా వద్దా అన్న నిర్ణయాన్ని కమాండర్ల చేతి నుంచి తీసి ప్రత్యేక న్యాయాధికారులకు అప్పగించడానికి 2023 డిసెంబర్ దాకా పట్టింది. సెనేటర్ కిర్‌స్టెన్ జిలిబ్రాండ్ దీనికోసం దాదాపు పదేళ్లు పోరాడవలసి వచ్చింది.

చట్టం అనుమతించే వయసు రాకముందే మద్యం తాగడం వంటి చిన్న తప్పు బయటపడుతుందని భయపడి మౌనంగా ఉండిపోయేవారూ ఉంటారు. దాడికి గురైన సందర్భంలో దొర్లిన అలాంటి తప్పులకు శిక్ష వేయకూడదన్న విధానం ఇప్పుడు అమల్లో ఉంది. అన్నట్టు, ఇదంతా ఆడపిల్లల తల్లిదండ్రులకే అనుకోవద్దు. రక్షణ శాఖ 2023 అంచనా ప్రకారం ఆ ఏడాది దాదాపు 29,000 మంది సైనికులు ఇలాంటి దాడులకు గురయ్యారు. వారిలో మగవారూ పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. రిపోర్ట్ ఇచ్చింది సుమారు నలుగురిలో ఒకరే.

మిగిలిన ముగ్గురికీ ఒక తలుపు తెరిచే ఉంది. సర్వీసులో ఉన్నప్పుడు ఎవరికీ చెప్పకపోయినా, చేతిలో ఒక్క కాగితం లేకపోయినా, ఆ దాడి మిగిల్చిన శారీరక, మానసిక సమస్యలకు మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఉచితంగా చికిత్స చేస్తారు. అక్కడ ఎంఎస్‌టి (సైన్యంలో ఎదురైన లైంగిక దాడి, వేధింపులు) కోఆర్డినేటర్ కావాలని అడిగితే చాలు.