మధ్యలో కుక్క బొమ్మ

(ఆర్కే బీచ్. కురుసుర సబ్‌మెరైన్‌కి కాస్త ఇవతల గట్టు మీద మావయ్య, మేనకోడలు. మధ్యలో మురీమిక్చర్ పొట్లం. ఆయన ఒకప్పుడు జగదాంబ సెంటర్లో సినిమా బ్యానర్లు వేసిన ఆర్టిస్టు. ఆ అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. డిసెంబర్ 1 ఎయిడ్స్ దినానికి క్లాసువాళ్ళంతా కలిసి ఒక గోడ మీద అమెరికన్ చిత్రకారుడు కీత్ హారింగ్ పద్ధతిలో బొమ్మలు వేసి, కింద ఆయన గురించి నాలుగు వాక్యాలు రాస్తారట. పేచీ ఆ వాక్యాల దగ్గరే.)

మావయ్య: న్యూయార్క్ మెట్రో స్టేషన్లలో ఖాళీ ప్రకటన బోర్డుల నల్లకాగితం మీద సుద్దముక్కతో గీశాడు. పోలీసులు పట్టుకెళ్ళారు. ఈ రెండూ ఉంచు. మగవాళ్ళని ప్రేమించాడు, ఎయిడ్స్‌తో పోయాడు, అవి కొట్టెయ్.

మేనకోడలు: కొట్టేస్తే మిగిలేది టీషర్టు మీద బొమ్మే.

మావయ్య: ఆ టీషర్టులు అమ్మింది ఆయనే కదా! 1986లో పాప్ షాప్ అని కొట్టు పెట్టి మరీ.

మేనకోడలు: పెయింటింగ్ కొనలేనివాడు బ్యాడ్జి అయినా కొనుక్కుంటాడని. టికెట్ కొననివాడు కూడా నీ బ్యానర్ చూసేవాడు కాదా?

(మావయ్యకి ఈ దెబ్బ తియ్యగానే తగిలింది. అయినా తగ్గలేదు.)

మావయ్య: గోడ ఓనరు ఊరుకుంటాడా?

మేనకోడలు: మగవాడు మగవాణ్ణి ప్రేమిస్తే నేరమనే చట్టాన్ని 2018లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది.

మావయ్య: కోర్టులో పోయింది. మా అక్క దగ్గర పోలేదు. సరే, అది వదిలెయ్. నా భయం వేరే. ఒకే గోడ మీద 'గే' అనీ 'ఎయిడ్స్' అనీ పక్కపక్కనే రాస్తే, ఆ జబ్బు వాళ్ళదే, మనకి రాదు అనుకుని పోతాడు చూసేవాడు.

(నిజంగా గట్టి మాటే. అమ్మాయి కాసేపు పల్లీలు ఏరుకుంటూ కూర్చుంది.)

మేనకోడలు: ఎవరికైనా రావచ్చని ముందే రాస్తాను. ఆయన్ని మాత్రం దాచను. 1988లో జబ్బు బయటపడితే, మరుసటి ఏడాది పత్రికకి తనే చెప్పుకున్నాడు. ఆ ఏడాదే గాంధీగారి మూడు కోతుల్లా మూడు బొమ్మలతో పోస్టర్ వేశాడు. 'అజ్ఞానం అంటే భయం, మౌనం అంటే మరణం' అని. అలాంటివాడి గురించి మనమే నోరు మూసుకుందామా?

మావయ్య: ఇక్కడా నోరు తెరిచారు. 'పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?' అని ఎక్కడ చూసినా హోర్డింగులు. ఏమైంది? జోకయింది.

మేనకోడలు: పులిరాజా అనేవాడు నిజంగా లేడు మావయ్యా, అందుకే నవ్వుకున్నాం. ఈయన ఉన్నాడు. 1990 ఫిబ్రవరిలో పోయేనాటికి 31 ఏళ్ళు. అంతకు ముందు ఏడాది ఇటలీలో, పీసాలో ఒక చర్చి పక్క గోడ నిండా 30 బొమ్మలు వేశాడు. ముందుగా స్కెచ్ వేసుకునే అలవాటే లేదు.

మావయ్య: గళ్ళు కట్టకుండానా?

మేనకోడలు: గళ్ళూ లేవు, పెన్సిలూ లేదు.

(మావయ్య కాగితం లాక్కుని మోకాలి మీద పరిచాడు. చాలాసేపు మాట్లాడలేదు. పొట్లం కాకుల పాలైంది.)

మావయ్య: ప్రేమ సంగతి ఈ చివర రాయండి. జబ్బు సంగతి ఆ చివర. రెండూ అంటుకోకుండా మధ్యలో ఆయన గీసే ఆ మొరిగే కుక్క బొమ్మ వెయ్యి, పెద్దది. అక్షరాలు ఎవరు రాస్తున్నారు?

మేనకోడలు: మేమే.

మావయ్య: మీరొద్దు. బ్రష్షు నాకివ్వండి.